మామూలు: చీమలు చెప్పిన నీతి

మన వ్యాపారులకు ‘మామూలు’ అను మాట మిక్కిలి పరిచయమైనది. అరబ్బీ భాషలో పుట్టి పారసీ, ఉర్దూల మీదుగా మనవరకు వచ్చిన ఈ మాటకు వాడుకగా జరుగునది, రివాజు అని అర్థము. ‘అంతా మామూలే’ అన్నచో క్షేమమని అర్థము. ‘మామూలు ముట్టజెప్పితిమి’ అన్నచో మాత్రము, ఇవ్వవలసిన పని లేనిదానిని, ఇవ్వకున్న ఏమగునోయను భయముచేత ఇచ్చితిమని అర్థము. ఒకే మాట ఈ రెండర్థములను మోయుచుండుట ఆలోచింపదగినది. భయముతో ఇచ్చునది కొన్ని ఏండ్లు వరుసగా జరిగినచో రివాజగును. రివాజైన పిమ్మట దానిని గూర్చి ఎవరును ప్రశ్నింపరు. ఇచ్చువాడు సిగ్గుపడడు, పుచ్చుకొనువాడు అంతకంటెను సిగ్గుపడడు.

ఈ విషయమునే తీసికొని అమెరికాలో పిల్లల కొఱకు ఒక బొమ్మల చలనచిత్రమును నిర్మించిరి. దాని పేరు ‘ఎ బగ్స్ లైఫ్’, అనగా ‘ఒక పురుగు జీవితము’. పిక్సార్ సంస్థవారు తయారుచేయగా డిస్నీ సంస్థవారు 1998 నవంబరులో విడుదల చేసిరి. జాన్ లాసెటర్ దర్శకుడు, ఆండ్రూ స్టాంటన్ సహదర్శకుడు. కంప్యూటరు సహాయమున బొమ్మలకు ప్రాణము పోయు పద్ధతిలో ఆ సంస్థవారు 1995లో ‘టాయ్ స్టోరీ’ తీసిరి; ఇది వారి రెండవ పెద్ద చిత్రము. నిడివి సుమారు గంటన్నర. పిల్లలు దీనిని నవ్వుల కొఱకు చూతురు. మనుమల ప్రక్కన కూర్చుండిన పెద్దలు చీమల గెంతులని తలచి, కొంతసేపటికి లేచి తమ పనికి పోవుదురు. కాని కూర్చుండి కడవరకు చూచినచో, ధాన్యము కొనువారికిని అమ్మువారికిని, పన్ను కట్టువారికిని, జీతములు ఇచ్చువారికిని పనికివచ్చు ప్రశ్న ఒకటి దానిలో కలదు. ఆ ప్రశ్నను గూర్చియే ఈ వ్యాసము.

ఈసపు కథలలోని చీమ, మిడుత కథ మనమందరము చిన్ననాడు చదివినదే. వేసవి అంతయు చీమ గింజలు కూడబెట్టును. మిడుత పాటలు పాడుచు కాలము గడపును. చలికాలమున ఆకలితో వచ్చి చేయిచాచిన మిడుతకు చీమ లేదని చెప్పును. కష్టించి కూడబెట్టవలెనని నీతి. వ్యాపారస్థుల ఇండ్లలో ఈ కథకు ఆదరము ఎక్కువ. చిత్రమును వ్రాసినవారు ఈ కథనే తీసికొని ఒక చిన్న ప్రశ్న వేసికొనిరి. మిడుత చీమకంటె ఎన్నో రెట్లు పెద్దది గదా, అది యాచించుట ఎందుకు? లాగుకొన్నచో అడ్డువారెవరు? ఈ ఒక్క ప్రశ్నతో పొదుపును గూర్చిన కథ కాస్త అధికారమును గూర్చిన కథగా మారిపోయినది.

కథను క్లుప్తముగా చెప్పెదను. ఒక చీమల పుట్టలో ప్రతి సంవత్సరము ముందుగా మిడుతలకు గింజలు కూర్చి, ఒక రాతిమీద కుప్ప పోయవలెను. అటు పిమ్మట వానలు వచ్చులోపల తమ కొఱకు ఏరుకొనవలెను. మిడుతల నాయకుడు హాపర్. పుట్టలో ఫ్లిక్ అను చీమ యున్నాడు. ఎల్లప్పుడు ఏదో ఒక క్రొత్త ఉపాయము ఆలోచించుచుండును. కోతకు అతడు కల్పించిన యంత్రము తగిలి, ఆ ఏటి గింజల కుప్ప అంతయు నీటి పాలగును. హాపర్ వచ్చి కోపగించి, ఆకులన్నియు రాలిపోవు నాటికి రెండింతలు చెల్లింపవలెనని ఆజ్ఞాపించి పోవును. యోధులను వెదకి తెచ్చెదనని ఫ్లిక్ బయలుదేరును. పుట్టలోని పెద్దలు అతనిని పంపినది నమ్మకముచేత కాదు, పీడ విరగడైనదని. అతడు పట్టణమునకు పోయి యోధులని భ్రమసి వెంటబెట్టుకొని వచ్చినది ఒక సర్కసు బృందమును.

ఈ చిత్రములో నాకు అన్నింటికంటె ముఖ్యమని తోచిన ఘట్టము మిడుతలు విశ్రాంతిగా కూర్చుండి విందు చేసికొనుచున్నప్పటిది. మనకు తిండి సమృద్ధిగా ఉన్నది, మరల ఆ పుట్టకు పోవుట ఎందుకని అనుచరులు కొందరు హాపరు తమ్ముని చేత అడిగింతురు. హాపర్ వాదింపడు. ఒక గింజను తీసి ఒకనిపై విసరును. నొప్పి కలిగినదా? లేదు. మరియొక గింజ విసరును. అదియు నొప్పి కలిగింపదు. అటు పిమ్మట గింజలు నిండిన సీసా మూతి తెరచును. గింజలు వెల్లువవలె పడి, అడిగినవారిని కప్పివేయును. అప్పుడు అతడు విషయము చెప్పును. చీమలు మనకు నూరింతలున్నవి. ఆ సంగతి వానికి తెలిసిన నాడు మన బ్రతుకు ముగిసినట్లే. కావున మనము పోవునది తిండి కొఱకు కాదు, వానిని వాని స్థానములో ఉంచుటకు అని.

ఇది పిల్లల చిత్రములో చెప్పిన మాట అయినను, రాజ్యతంత్రమును గూర్చిన పెద్ద గ్రంథములలో చెప్పదగినది. హాపరుకు గింజ అవసరము లేదు. గింజ ఇచ్చు అలవాటు తప్పకుండుట అవసరము. ఒక ఏడు ఇవ్వక గడచినచో, ఇవ్వకున్నను ఆకాశము విరిగిపడదని చీమలకు తెలియును. మామూలులో సొమ్ము కంటె అలవాటు విలువైనది. వసూలు చేయువారికి ఈ సంగతి బాగుగా తెలియును; చెల్లించువారికే తెలియదు.

సుమతీ శతకములో చలిచీమలకు చిక్కి చచ్చిన సర్పము ఉపమానము మన పిల్లలకు కంఠస్థమే. ఆ పద్యము బలవంతునికి హెచ్చరిక: నీ బలము చూచుకొని పలువురితో విరోధము తెచ్చుకొనకుము అని. ఈ చిత్రము అదే విషయమును రెండవవైపు నుండి చూపుచున్నది. సర్పమునకు చీమల లెక్క ముందే తెలిసినచో ఏమి చేయును? చీమలకు ఆ లెక్క తెలియకుండ చేయును. హాపర్ చేసినది అదియే.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వత్తము. చీమలు ఇచ్చిరి, మిడుతలు పుచ్చుకొనిరి. ఇందులో దొంగతనమెక్కడ? మన పెద్దలు దొంగతనమును ‘అదత్తాదానము’ అనిరి. అనగా ఇవ్వనిదానిని తీసికొనుట. హాపరును న్యాయస్థానమున నిలిపినచో, వారే రాతిమీద కుప్ప పోసిరి, నేను తీసికొంటిని, ఇది ఇచ్చినదే గదా అని వాదింపవచ్చును. పైగా, ఇతర పురుగులనుండి నేను వీరిని కాపాడుచున్నాను, ఇది దానికి రుసుము అని కూడ అనును. చేయి చాపి ఇచ్చినంత మాత్రమున అది ఇచ్చినదగునా? నా ఆలోచనకు తోచిన పరీక్ష ఒక్కటే. ఇచ్చువానికి ‘లేదు’ అనగల స్వాతంత్ర్యము ఉన్నదా? ‘లేదు’ అనగలిగియు ఇచ్చినచో అది దానము, లేక బేరము. ‘లేదు’ అన్న నోటికి దెబ్బ తగులునన్న భయముతో ఇచ్చినచో, అది చేతితో ఇచ్చినను, మనస్సు ఇవ్వనిదే. అది అదత్తమే.

పన్ను సంగతి ఏమని కొందరు అడుగవచ్చును. పన్ను కూడ ఇష్టముండి కట్టువారు అరుదు గదా. నిజమే. కాని పన్నుకు ఒక రేటు, ఒక చట్టము, ఒక రసీదు ఉండును. హెచ్చినచో సభలో అడుగవచ్చును, కోర్టులో వాదింపవచ్చును, ఎన్నికలలో వ్యతిరేకముగా ఓటు వేయవచ్చును. ‘లేదు’ అనుటకు ఒక త్రోవ కలదు. హాపరు వసూలుకు రేటు అతని కోపమే. ఈ ఏడు ఒక వంతు, వచ్చే ఏడు రెండు వంతులు.

కాగితమున్నంత మాత్రమున స్వాతంత్ర్యమున్నట్లు కాదు. బీహారులోని చంపారనులో రైతు తన భూమిలో ప్రతి 20 కఠాలకు 3 కఠాల చొప్పున నీలిమందు పైరు వేసి తెల్లదొరలకు ఇవ్వవలెనను పద్ధతి యుండెను. దానిని ‘తిన్‌కఠియా’ అనిరి. దొరల దగ్గర ఒడంబడికలుండెను, రైతు వేలిముద్రలుండెను. కాని కాదన్న రైతు ఆ ఊర బ్రతుకలేడు. 1917లో గాంధీ అక్కడకు పోయి ఊరూర రైతుల వాఙ్మూలములు వ్రాయించిరి. 1918లో చట్టము చేసి ఆ పద్ధతిని రద్దుచేసిరి. ఆ రైతులకు గాంధీ ఆయుధములు ఇవ్వలేదు. వారు చెప్పినది వ్రాసికొనిరి. ఒక్కొక్కడు తనకే ఈ బాధ అనుకొన్నది, వేలమంది బాధయని తేలినది. చీమలకు తమ లెక్క తెలిసినది.

ఇక్కడ మన పెద్దలు ఒక మాట చెప్పుదురు; దానిని తేలికగా త్రోసివేయరాదు. వ్యాపారికి తగవు పనికిరాదు. పరాయి ఊర, పరాయి భాష నడుమ కొట్టు పెట్టుకొని బ్రతుకువానికి మరియు పనికిరాదు. కొద్ది సొమ్ముతో పోవు చిక్కును పెద్ద చిక్కు చేసికొనుట తెలివి కాదు. ఒంటరిగా దారిలో దొంగకు చిక్కినవాడు సంచి ఇచ్చి ప్రాణము దక్కించుకొన్నచో అతనిని పిరికివాడని ఎవరనగలరు? నేను అనను. అట్టి సమయమున ఇచ్చుట వివేకమే.

కాని దొంగకు ఒకసారి సంచి ఇచ్చుట వేరు. ఏటేట అతని కొఱకు సంచి కుట్టించి ఉంచుట వేరు. చిత్రములో పుట్ట రాణి చెడ్డది కాదు, దయగలది. తన తరువాత రాజ్యమునకు రావలసిన కుమార్తె అట్టా కలతపడుచుండగా, ప్రతి ఏడు ఇదే జరుగును, వారు వత్తురు, తిందురు, పోవుదురు అని ఓదార్చును. ఓదార్పుగా చెప్పిన ఆ మాటతోనే మామూలు ఒక తరమునుండి మరియొక తరమునకు దిగినది. భయపడి ఇచ్చుట ఆపద్ధర్మము కావచ్చును. ఆ భయమును లోకరీతియని పిల్లలకు నేర్పుట మాత్రము ఆపద్ధర్మము కాదు.

పుట్టలోని వారిని గూర్చి మరియొక సంగతి. ఫ్లిక్ మీద నవ్వినది, అతనిని వెళ్ళగొట్టినది మిడుతలు కావు, చీమలే. అందరు వరుసలో నడచుచుండగా ఒకడు ప్రక్కకు చూచినచో, వరుసకు కోపము వచ్చును. ఈ ఏటి కష్టమునకు అతడే కారణమని అందరును అందురు. ఏటేట వచ్చు కష్టమునకు కారణమెవరని ఒక్కరును అడుగరు. బయటివాని పెత్తనము లోపలివారి ఈ అలవాటుమీదనే నిలుచును. ప్రతి చీమను కాపలా కాయుటకు హాపరు దగ్గర అన్ని మిడుతలు లేవు. ఆ కాపలా చీమలే కాయుచున్నవి.

ఈ చిత్రము సత్యమును గూర్చి కూడ ఒక మాట చెప్పినది. హాపరుకు పిట్టలనిన భయము. ఆ సంగతి ఎరిగి చీమలు ఆకులతో, పుల్లలతో ఒక బూటకపు పిట్టను కట్టుదురు. అంతకు ముందే, వచ్చినవారు యోధులు కారని తెలిసియు ఫ్లిక్ దాచును. ఆ అబద్ధము బయటపడి అతనికి వెలి. పిట్టకు నిప్పంటుకొని ఉపాయము బూడిద. మంచి పని కొఱకు ఆడిన అబద్ధమైనను కాలిపోయినది. చివరకు నిలిచినది ఏది? దెబ్బలు తిని నేలబడిన ఫ్లిక్ లేచి, చీమలు మిడుతలకు దాసులు కారు, మిడుతలే చీమలమీద ఆధారపడి బ్రతుకుచున్నవి అని అందరి ఎదుట చెప్పిన నిజము. అప్పుడు అట్టా ముందుకు వచ్చును. వెనుక పుట్ట అంతయు కదలును.

అహింసను పరమధర్మముగా ఎంచు ఇండ్లలో ఈ ఘట్టము ఒక సందేహమును కలిగింపవచ్చును. ఎదిరించుట హింస గాదా, ఊరకుండుటయే శాంతము గదా అని. ఊరకుండుటలో రెండు విధములు కలవు. కొట్టగలిగియు కొట్టకుండువాని ఊరకుండుట ఒకటి. కొట్టుదురేమోయని నోరెత్తనివాని ఊరకుండుట రెండవది. బయటినుండి చూచినచో రెండును ఒక్కటే. లోపల మొదటిది క్షమ, రెండవది భయము. పిరికితనము, హింస తప్ప మూడవ త్రోవ లేకున్నచో హింసనే ఎన్నుకొనుమందునని గాంధీ 1920లో ‘యంగ్ ఇండియా’లో వ్రాసిరి, అహింస హింసకంటె ఎన్నో మడుగులు గొప్పదనియు ఆ వ్యాసములోనే వ్రాసిరి. అహింస భయమునకు వేసికొను ముసుగు కారాదని వారి భావము.

భయము లేని అహింస ఎట్లుండునో తెలుగు దేశములోనే చూచిరి. చీరాల, పేరాల గ్రామములను మునిసిపాలిటీగా చేసి పన్నుల భారము మోపినప్పుడు, 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున ప్రజలు ఇండ్లు విడిచి, ఊరి వెలుపల రామనగరమని పేరు పెట్టుకొని పాకలలో నివసించిరి. ఎవరిని కొట్టలేదు. సుమారు 11 నెలలు ఎండకు వానకు ఓర్చిరి. చివరకు ఇండ్లకు తిరిగి రావలసి వచ్చినను, ‘లేదు’ అనుట తమకు చేతనగునని వారు తెలిసికొనిరి. ఆ ప్రభుత్వమును తెలిసికొనెను.

చిత్రము ముగింపు మాత్రము నాకు పూర్తిగా సమ్మతము కాదు. హాపరును ఫ్లిక్ నిజమైన పిట్ట గూటికి తీసికొనిపోవును. ఇదియు బూటకపు పిట్టయేనని నవ్వుచు నిలిచిన హాపర్ పిట్ట పిల్లలకు ఆహారమగును. పిల్లలు చప్పట్లు కొట్టుదురు. కథకు అది రక్తి కావచ్చును గాని, పుట్ట స్వాతంత్ర్యమునకు ఆ చావు అవసరము లేదు. చీమలన్నియు కూడి నిలిచి, తక్కిన మిడుతలు పారిపోయిన క్షణముననే హాపర్ ఓడిపోయెను. అతని తమ్ముడు మోల్ట్ మాత్రము బ్రతికి సర్కసులో చేరి, మూటలు మోసి పొట్ట పోసికొనును. దుష్టునికి అట్టి ముగింపు మేలు. లాగుకొని తిన్నవాడు పని చేసి తినుట నేర్చుకొనుట ప్రాణము తీయుటకంటె పెద్ద గెలుపు.

సోదరులారా, ఇంతవరకు మనలను మనము చీమలుగా తలచుకొనుచు చదివియుందుము. అట్లు తలచుకొనుట సుఖముగా నుండును. ఇప్పుడు మన కొట్టులోనికి వచ్చి చూతము. రైతు బస్తా తెచ్చును. కాటా వేసిన పిమ్మట తాలు అని కొంత, తరుగు అని కొంత తగ్గింతురు. గింజ నిజముగా తడిగా నున్నచో తగ్గించుట న్యాయమే. ఎండిన గింజకును అదే తరుగు తీసినచో అదేమి? అడిగినచో ‘ఇది బజారు మామూలు’ అందుము. విత్తనములకు మన దగ్గరనే బాకీపడిన రైతు, పంటను మరియొక కొట్టుకు తీసికొనిపోలేడు. మనము చెప్పిన ధర అతడు ఒప్పుకొనును. ఒప్పుకొన్నాడు గదా అని పద్దు వ్రాసికొందుము. ఒప్పుకొన్నాడా, ఒప్పుకొనక తప్పినది కాదా? గుమాస్తా రాత్రి పొద్దుపోవువరకు ఉండును. వాడు నోరు తెరచి అడుగలేదు కనుక సంతోషముగానే ఉన్నాడందుము. పైన చెప్పిన పరీక్షను ఇక్కడ కూడ పెట్టవలెను. ‘లేదు’ అనగల స్వాతంత్ర్యము వానికి ఉన్నదా?

అస్తేయ వ్రతమునకు చెప్పిన అతిచారములలో తూనికలు, కొలతలు హెచ్చుతగ్గులు చేయుట ఒకటి. దొంగ రాయి పెట్టుట మాత్రమే దానిలో చేరునని మనము సౌకర్యముగా అర్థము చెప్పుకొందుము. రాయి సరిగా నుండి, రైతు నోరు కట్టుబడియున్నచో, ఆ కాటా సరియైనదేనా? వ్యాపారమునకు లాభము ఉండవలెను, లేకున్న కొట్టు నిలువదు. మాట అది కాదు. ఎదుటివాడు కాదని పోగలిగియు మన దగ్గరనే అమ్మినచో, ఆ లాభము మన పనితనమునకు వచ్చినది. పోలేక అమ్మినచో, అందులో కొంత మన పనితనముది కాదు, వాని భయముది. ఒక గింజకు నొప్పి తెలియదు. రెండు గింజలకును తెలియదు. సీసా నిండుట మాత్రము ఒక్కొక్క గింజతోనే.

చిట్టాలో జమ, ఖర్చు అని రెండు వైపులు కలవు. మామూలు ఖర్చు వైపున ఉన్నప్పుడు మనకు బాధ. జమ వైపున ఉన్నప్పుడు దానిని మామూలు అనము, లాభమందుము. ఒక వైపున దానిని కొట్టివేయవలెనని కోరువాడు రెండవ వైపున కూడ కొట్టివేయుటకు సిద్ధపడవలెను. అధికారి ఎదుట ధైర్యముగా నిలువవలెనని యువకులకు చెప్పుచు, రైతు మన ఎదుట ధైర్యముగా నిలిచినచో కోపగించువాడు, చీమల పక్షమువాడు కాడు. ఇంకను ఎక్కువ బలము చేతికి రాని మిడుత.

చిత్రము చివర వసంతము వచ్చును. వెనుక నవ్విన చీమలే ఫ్లిక్ కల్పించిన కోత యంత్రములను వీపున కట్టుకొని గింజలు కోయుచుండును. ఆ గింజలలో రాతిమీద పోయు కుప్ప లేదు. రాబోవు సెలవులలో మన పిల్లలు ఈ చిత్రము చూచినచో, ప్రక్కన కూర్చుండి, మిడుతలు ఎందుకు వచ్చెనని, చీమలు అన్నేండ్లు ఎందుకు ఇచ్చెనని వారిని అడుగుడు. వారి జవాబు వినుడు. మరునాడు కొట్టు తెరచి, చిట్టాలో ‘మామూలు’ అని ఎక్కడెక్కడ వ్రాసితిమో, వ్రాయకయే ఎక్కడెక్కడ తీసికొంటిమో, రెండు వైపుల చూచుకొనుడు.